రిమోట్ కారు కిట్టు: పెట్టె విప్పే ముందు

వేసవి సెలవులు దగ్గరపడేకొద్దీ ఈ శీర్షికకు రిమోట్ కార్ల గురించిన ఉత్తరాలు ఎక్కువవుతాయి. ఈ నెల విజయవాడ, గుంటూరు పరిసరాల నుంచి వచ్చిన వాటిలో మొదటిసారి కిట్టు తెచ్చుకొని ఇంట్లో బిగించుకొంటున్నవారి ప్రశ్నలనే ఏరి జవాబులిస్తున్నాము. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా మార్చిన చోట సంబంధిత పాఠకులు మన్నించాలి.

ప్రశ్న: సింగపూర్‌లో ఉంటున్న మా బావమరిది మా అబ్బాయికి టామియా టీటీ-02 కిట్టు పంపాడు. అబ్బాయి తొమ్మిదో తరగతి. పెట్టె తెరిస్తే రిమోట్ లేదు, బ్యాటరీ లేదు, కారు బాడీ కూడా రంగు లేకుండా గాజులా ఉంది. సామాను ఏమైనా తగ్గిందా? ఇంకా ఏమేమి కొనాలి? బావమరిది వచ్చే నెల ఇక్కడికి వస్తున్నాడు. బ్యాటరీ అక్కడి నుంచే తెప్పించుకోవచ్చా?
— ఒక తండ్రి, పటమట, విజయవాడ

జవాబు: ఏమీ తగ్గలేదండీ. బొమ్మల అంగళ్లలో దొరికే తయారు కార్లకూ దీనికీ తేడా అక్కడే ఉంది. చాసిస్, గేర్లు, ఇరుసులు, చక్రాలు, స్క్రూలు, రంగు వేయని బాడీ, సాధారణంగా ఒక 540 రకం మోటారు, ఇంతవరకే కిట్టులో వస్తాయి. కారును నడిపించే సరంజామా అంతా వేరుగా కొనుక్కోవలసిందే. ఆ సరంజామాకయ్యే ఖర్చు చాలాసార్లు కిట్టు ధరకు ఇంచుమించు సమానమవుతుంది. కాబట్టి కానుకగా వచ్చిన పెట్టెను చూసి ఖర్చు తప్పిందని అనుకోవద్దు. పైగా మన దేశంలో బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు; ఇక్కడ కిట్లు ప్రియం కావడానికి అదొక ప్రధాన కారణం. ఆ లెక్కన మీ బావమరిది మీకు పెద్ద మేలే చేశారు.

ముందుగా రిమోట్, దాని రిసీవరు. ఈ రెండూ ఒకే జతగా కొనాలి, ఎందుకంటే ఒక కంపెనీ రిమోట్ మరో కంపెనీ రిసీవరుతో సాధారణంగా కలవదు. తుపాకి పిడి ఆకారంలో ఉండి, చూపుడువేలితో వేగాన్ని, పక్కనున్న చిన్న చక్రంతో మలుపును నడిపే రకం కార్లకు అనువుగా ఉంటుంది. వేగానికొకటి, మలుపుకొకటి, రెండు ఛానళ్లుంటే చాలు. నాలుగు, ఆరు ఛానళ్లంటూ అమ్మేవారు ఊరించవచ్చు గానీ మిగిలిన ఛానళ్లతో దీపాలు వెలిగించుకోవడం తప్ప మొదటి కారుకు వేరే పని ఉండదు.

రెండవది ముందు చక్రాలను తిప్పే సర్వో. ప్రామాణిక పరిమాణంలో, మూడు కిలోల టార్క్ (తిప్పే బలం) ఉన్న మామూలు సర్వో ఈ బరువు కారుకు సరిపోతుంది. కొనేటప్పుడు దాని కొసన ఉండే పళ్ల లెక్క మాత్రం చూసుకోండి. ఫుటాబా పద్ధతి సర్వోలకు 25, హైటెక్ వాటికి 24, సాన్వా, జేఆర్ పద్ధతి వాటికి 23 పళ్లు ఉంటాయి. సర్వో కొసకు తగిలించడానికి కిట్టులో ఇచ్చే బిళ్లల్లో మీ సర్వోకు సరిపోయేది ఉండాలి. సరిపోనిదాన్ని బలవంతంగా నొక్కితే పళ్లు నలిగిపోయి, స్టీరింగు నిలకడ లేకుండా అటూ ఇటూ ఊగుతుంది.

మూడవది మోటారుకు కరెంటును హెచ్చించి తగ్గించే ఈఎస్‌సీ. ఒకే నమూనా కిట్టులో కూడా కొన్ని దేశాలకు పంపే పెట్టెల్లో దీన్ని కలిపి ఇస్తారు, కొన్నింటిలో ఇవ్వరు. పెట్టె పక్కన ముద్రించిన జాబితా చదివాకే కొనండి. నాలుగవది బ్యాటరీ, అయిదవది ఛార్జరు. పొదుపు చేయాలనిపిస్తే రిమోట్‌లో చేయండి గానీ ఛార్జరులో చేయకండి. బ్యాటరీతో ఉచితంగా వచ్చే చిన్న గోడ ఛార్జర్లలో చాలావాటికి బ్యాటరీ ఎప్పుడు నిండిందో తెలియదు. గంటల తరబడి కరెంటు పోస్తూనే ఉంటాయి, రాత్రి పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి బ్యాటరీ ఉడికిపోతుంది. నిండగానే తానే ఆగిపోయే ఛార్జరు ఒకటి మంచిది కొంటే ఈ కారుతో పాటు తరువాతి కార్లకూ పనికివస్తుంది.

ఇక మీ బావమరిది సంచిలో బ్యాటరీ సంగతి. లిథియం బ్యాటరీ విడిగా ఉంటే దాన్ని విమానంలో చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతి సంచిలోనే తేవాలి. పరిమితి 100 వాట్-అవర్లు. 7.4 వోల్టుల, 5000 ఎంఏహెచ్ (అంటే 5 ఆంపియర్-అవర్ల) ప్యాకును లెక్కిస్తే 7.4ను 5తో గుణించగా 37 వాట్-అవర్లే అవుతుంది, కనుక ఇబ్బంది లేదు. కొసలకు టేపు చుట్టి, ఒక్కో ప్యాకును విడి సంచిలో పెట్టుకొని, తాము ప్రయాణించే ఎయిర్‌లైన్స్ నిబంధన కూడా ఒకసారి చూసుకొమ్మనండి. విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరకుగా పంపడాన్ని 2016 ఏప్రిల్ నుంచి అంతర్జాతీయంగా నిషేధించారు. అందువల్ల ఆన్‌లైనులో కొన్న ప్యాకు మిగిలిన సామాను కంటే ఆలస్యంగా వస్తే కంగారు పడకండి. అయినా మీ అబ్బాయి మొదటి కారుకు లిథియం కాకుండా నికెల్ రకమే మేలని మా అభిప్రాయం. కారణం కింద మరో జవాబులో ఉంది.

ప్రశ్న: ఇంట్లో ఉన్న స్టార్ స్క్రూడ్రైవరుతో కిట్టు బిగించడం మొదలుపెట్టాను. సగం కాకముందే నాలుగైదు స్క్రూల తలలు అరిగిపోయాయి. రెండు చోట్ల ప్లాస్టిక్‌లో మర పోయి స్క్రూ ఊరికే తిరుగుతోంది. కిట్టు నాసిరకమా? అసలు ఏ పనిముట్లు ఉండాలి?
— ఇంజనీరింగ్ విద్యార్థి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. కిట్టు నాసిరకం కాదు, స్క్రూడ్రైవరు వేరే జాతిది.

మన ఇళ్లలో ఉండే స్టార్ స్క్రూడ్రైవరు ఫిలిప్స్ పద్ధతిది. టామియా వంటి జపాన్ కంపెనీల కిట్లలోని స్క్రూలు జేఐఎస్ అనే జపాన్ ప్రమాణం ప్రకారం చేసినవి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ ఫిలిప్స్ మొన కాస్త పొడవుగా ఉండి జేఐఎస్ గాడి అడుగున ముందే తగులుతుంది. పక్కగోడలకు పూర్తిగా ఆనదు. దాంతో గట్టిగా తిప్పినప్పుడు మొన పైకి లేచి జారుతుంది, జారిన ప్రతిసారీ గాడి అంచులను కొంత చెక్కేస్తుంది. జేఐఎస్ స్క్రూ తలపై చాలాసార్లు ఒక చిన్న చుక్క ఉంటుంది, భూతద్దంతో చూస్తే తెలుస్తుంది. జపాన్ బైకుల కార్బురేటర్లు విప్పి అలవాటున్న మెకానిక్కు ఎవరైనా ఆటోనగర్‌లో మీకు పరిచయముంటే ఈ గొడవ ఆయనకు వివరించనక్కరలేదు. 3 మిల్లీమీటర్ల స్క్రూలకు 2వ నంబరు, అంతకంటే సన్నవాటికి 1వ నంబరు జేఐఎస్ డ్రైవర్లు రెండు కొనండి. వెసెల్ వంటి జపాన్ కంపెనీలవి ఆన్‌లైనులో దొరుకుతాయి. కిట్టుకు పెట్టిన డబ్బుతో పోలిస్తే ఇది చిన్న ఖర్చు, కానీ పని నాణ్యతను మార్చేది ఇదే.

ఇక మర పోవడం గురించి. ఈ స్క్రూలకు ప్లాస్టిక్‌లో ముందుగా మరలు ఉండవు. స్క్రూయే మొదటిసారి దిగుతూ తన దారి తాను కోసుకుంటుంది. అందువల్ల మొదటిసారి గట్టిగానే ఉంటుంది, ఆ గట్టితనం చూసి స్క్రూ చివరికంటా దిగిందని కొందరు ఆపేస్తారు, ఇంకొందరు దిగిన తరువాత కూడా అదే బలంతో తిప్పుతూ పోతారు. మీకు జరిగింది రెండవదని అనుకుంటున్నాము. స్క్రూ మరలకు కొవ్వొత్తి మైనం కొద్దిగా రాసి, డ్రైవరును నిటారుగా పట్టుకొని, ఒక చుట్టు లోపలికి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ దించండి. తల ప్లాస్టిక్‌ను తాకి కూర్చున్న క్షణం చేతికి స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ ఆపేయాలి. బ్యాటరీ డ్రిల్లును ఈ పనికి అసలు వాడకూడదు.

ఒకసారి విప్పిన స్క్రూను మళ్లీ బిగించేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. రంధ్రంలో పెట్టి మొదట వెనక్కి, అంటే విప్పే దిశలో, నెమ్మదిగా తిప్పండి. పాత మర దగ్గరికి రాగానే స్క్రూ టక్కుమని వెంట్రుకవాసి కిందికి దిగుతుంది. అప్పుడు ముందుకు తిప్పితే పాత దారిలోనే వెళుతుంది. ఇలా చేయకపోతే ప్రతిసారీ కొత్త మర కోసుకుంటూ, మూడో నాలుగోసారికి రంధ్రంలో పట్టు మిగలదు.

ఇప్పటికే పాడైనవాటికి మార్గం ఉంది. కిట్టు భాగాలను పట్టి ఉంచిన ప్లాస్టిక్ ఫ్రేము నుంచి సన్నని పేడు చెక్కి రంధ్రంలో నిలబెట్టి, ఒక చుక్క సూపర్ గ్లూ వేసి, పూర్తిగా ఆరనిచ్చి స్క్రూ దించితే చాలావరకు పట్టు దొరుకుతుంది. అవతలి వైపు చోటుంటే కాస్త పొడవైన స్క్రూ వాడినా సరిపోతుంది. తల అరిగి బయటకు రానిదానికి ఆక్సా బ్లేడు ముక్కతో అడ్డంగా ఒక గాడి కోసి మామూలు స్క్రూడ్రైవరుతో విప్పండి. ఆ స్క్రూ మాత్రం మళ్లీ వాడవద్దు.

తక్కిన పనిముట్లు తేలికైనవే. భాగాలను ఫ్రేము నుంచి వేరు చేయడానికి చదునైన అంచున్న చిన్న నిప్పరు, మిగిలిపోయిన మొటికను చెక్కడానికి పదునైన కత్తి, సన్నని ముక్కు కటింగ్ ప్లయరు, 1.5, 2, 2.5 మిల్లీమీటర్ల ఎలన్ కీలు, చక్రం నట్లకు 7 మిల్లీమీటర్ల స్పానరు ఉంటే పని నడుస్తుంది. వీటిలో చాలావరకు మీ ఊరి పట్నం బజారులో గానీ విజయవాడ వన్‌టౌన్‌లో గానీ ఇనుప సామాను అంగళ్లలో దొరుకుతాయి. భాగాలను చేత్తో విరిచి తీయకండి. ఆ మొటిక గేరు పళ్ల పక్కన గాని, ఇరుసు కూర్చునే చోట గాని మిగిలిపోతే కారు నడుస్తుంది, కానీ రాపిడితో మూలుగుతూ నడుస్తుంది.

మర వదులు కాకుండా వేసే నీలం రంగు లాక్‌టైట్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అది ఇనుము ఇనుములోకి దిగేచోట మాత్రమే, అంటే మోటారును పట్టి ఉంచే స్క్రూలకు, మోటారు ఇరుసుపై చిన్న గేరును బిగించే స్క్రూకు మాత్రమే వాడాలి. అగ్గిపుల్ల కొసతో ఒక చుక్క చాలు. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూలకు వేస్తే కొన్ని రకాల ప్లాస్టిక్ పెళుసెక్కి పగుళ్లు వస్తాయి. ఆ చిన్న గేరు స్క్రూను మోటారు ఇరుసుకు ఒక పక్కన ఉండే చదును భాగంపైనే కూర్చోబెట్టండి. గుండ్రని భాగంపై ఎంత బిగించినా జారుతుంది.

స్క్రూల సంచులను అన్నిటినీ ఒకేసారి చింపడం మరో సాధారణ దోషం. సూచనల పుస్తకం ఏ దశలో ఏ సంచి అని చెబుతుంది, స్క్రూల బొమ్మలను అసలు పరిమాణంలోనే ముద్రిస్తుంది. సందేహం వచ్చినప్పుడు స్క్రూను కాగితంపై బొమ్మ మీద పెట్టి చూసుకోండి. 8 మిల్లీమీటర్లు ఉండవలసినచోట 10 మిల్లీమీటర్లది దించితే అవతలి గోడను చీల్చుకొని వస్తుంది. ఇంట్లో వాడకుండా పెట్టిన పాత ఇడ్లీ రేకు ఉంటే అడిగి తెచ్చుకోండి. ఒక్కో గుంటలో ఒక్కో కొలత స్క్రూలు వేసుకుంటే ఫ్యాను గాలికి సంచులు ఎగిరిపోయే బెడద ఉండదు. ఈ పనికి అమ్మకానికి పెట్టే ట్రేల కంటే అదే బాగుంటుంది.

ప్రశ్న: రిమోట్‌కు ప్రభుత్వ లైసెన్సు తీసుకోవాలా? డ్రోన్లకు అడుగుతున్నారు కదా.
— ఒక పాఠకుడు, తాడేపల్లి

జవాబు: అవసరం లేదు. ఇప్పటి రిమోట్లు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో పనిచేస్తాయి. ఆ పట్టీలో తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు మన దేశంలో 2005లోనే లైసెన్సు మినహాయింపు ఇచ్చారు. డ్రోన్ల నిబంధనలు ఎగిరేవాటికి. నేలపై నడిచే కారుకు అవి వర్తించవు.

ప్రశ్న: అంగడివారు లైపో బ్యాటరీయే కొనమంటున్నారు, మా స్నేహితుడు మే నెల ఎండలకు అది పేలుతుందని భయపెడుతున్నాడు. ఎవరి మాట వినాలి?
— బ్యాంకు ఉద్యోగి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. లైపో అంటే లిథియం పాలిమర్ బ్యాటరీ. అది తేలిక, శక్తి ఎక్కువ, చివరివరకు కారు వేగం తగ్గకుండా నడుపుతుంది. అయితే దానికి హద్దులు ఖచ్చితంగా పాటించాలి. ఒక్కో సెల్లు నిండినప్పుడు 4.2 వోల్టులు, నడిపేటప్పుడు సుమారు 3.2 వోల్టుల కిందికి దిగనీయకూడదు. వారం రోజులు వాడకుండా ఉంచాలంటే 3.8 వోల్టుల దగ్గర పెట్టాలి. కొన్ని ఈఎస్‌సీలకు, ముఖ్యంగా నికెల్ ప్యాకులను దృష్టిలో పెట్టుకొని చేసినవాటికి, వోల్టేజి పడిపోయినప్పుడు ఆపే ఏర్పాటు ఉండదు. అలాంటివాటితో లైపో వాడాలంటే బ్యాటరీ తెల్ల ప్లగ్గుకు చిన్న అలారం తగిలించాలి. అందుకే పిల్లలు నడిపే మొదటి కారుకు ఆరు సెల్లుల, 7.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాకు మేలంటాము. అది చిన్నచిన్న పొరపాట్లను సహిస్తుంది.

ఎండ మాటకు వస్తే, లిథియం సెల్లులను ఛార్జి చేయడానికి సాధారణంగా చెప్పే పైహద్దు 45 డిగ్రీలు. విజయవాడలో కొన్ని మే మధ్యాహ్నాలు ఆ హద్దునే దాటుతాయి. రేకుల షెడ్డులోనో మూసిన వరండాలోనో ఇంకా ఎక్కువే ఉంటుంది. కాబట్టి తెల్లవారుజామున గాని రాత్రి భోజనాలయ్యాక గాని, గచ్చు నేలపై, కర్టెన్లకు, పరుపులకు దూరంగా, మనిషి ఎదురుగా ఉన్నప్పుడే ఛార్జి చేయండి. 5000 ఎంఏహెచ్ ప్యాకుకు ఛార్జరును 5 ఆంపియర్లకు మించి పెట్టవద్దు. ఆట ముగిసిన వెంటనే వేడిగా ఉన్న ప్యాకును ఛార్జరుకు తగిలించవద్దు, చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదిలేయడం అన్నిటికంటే ప్రమాదకరం. ఉబ్బిన ప్యాకును నొక్కి చూడకండి, మళ్లీ ఛార్జి చేయకండి. ఇంటి చెత్తతో కలపకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వండి.

ప్లగ్గు మార్చవలసి వస్తే ఎరుపు, నలుపు తీగలను ఒకేసారి కత్తెరతో కత్తిరించకండి. ఒకదాన్ని కోసి, సోల్డరు చేసి, కప్పిన తరువాతే రెండోదాని జోలికి వెళ్లాలి. రెంటినీ కలిపి కోస్తే కత్తెరే షార్టు చేస్తుంది, అప్పుడు వచ్చే మెరుపుకు కత్తెర అంచు కరిగిపోతుంది.

ప్రశ్న: మా అమ్మాయి కారు బాడీకి ఎర్ర రంగు స్ప్రే కొట్టింది. రెండు రోజులకే పొలుసులుగా ఊడిపోయింది. థిన్నరుతో తుడిచి మళ్లీ వేయవచ్చా? సరైన పద్ధతి చెప్పగలరు.
— ఒక ఉపాధ్యాయిని, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: థిన్నరు తగలనివ్వకండి మేడమ్. ఆ బాడీ పాలికార్బొనేటు అనే ప్లాస్టిక్‌తో చేసింది, థిన్నరు తగిలితే పాలలా తెల్లబారి సన్నని పగుళ్లు పడతాయి. ఊడినంతమేర రంగును టేపు అంటించి లాగి తీసేయండి. మొండిగా ఉన్న మచ్చలు ఉంటే ఉండనివ్వండి, ఈసారి ముదురు రంగు ఎంచుకుంటే అవి కనబడవు.

రంగు ఊడడానికి రెండు కారణాలు ఉండవచ్చు. తలుపులకు, గేట్లకు కొట్టే మామూలు స్ప్రే ఈ ప్లాస్టిక్‌ను పట్టుకోదు, పట్టినా బాడీ వంగినప్పుడు పెచ్చులుగా లేస్తుంది. పాలికార్బొనేటుకని ప్రత్యేకంగా రాసి ఉన్న డబ్బాలే కొనాలి, టామియాలో వాటికి పీఎస్ అనే గుర్తు ఉంటుంది. రెండవది, అచ్చు నుంచి బాడీ సులువుగా ఊడిరావడానికి వాడిన జిడ్డు లోపలి పక్క మిగిలి ఉండడం. గిన్నెలు తోమే లిక్విడు, గోరువెచ్చని నీళ్లతో లోపల కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ తరువాత వేలు లోపల తగలకుండా అంచులు పట్టుకొనే పని చేయాలి.

రంగు పైన కాదు, లోపలి వైపు వేయాలి. పైన వేస్తే మొదటి బోర్లాపడటంతోనే గీతలుపడి పోతుంది. లోపల వేస్తే ప్లాస్టికే రంగుకు కాపలా ఉంటుంది, పైకి నిగనిగలాడుతుంది. లోపలి నుంచి వేస్తున్నాము గనుక వరస తిరగబడుతుంది: గోడకు ముందు లేతరంగు, పైన ముదురు అంచు వేసినట్టు కాకుండా ఇక్కడ ముదురు గీతలు, నల్ల భాగాలు ముందు వేసి, లేతరంగులు ఆ తరువాత వేయాలి. ఎరుపు, పసుపు వంటివాటి వెనుక చివరగా తెలుపు కొడితే పైనుంచి రంగు పలచగా కాకుండా నిండుగా కనిపిస్తుంది. అద్దాల భాగాలను కిట్టులో ఇచ్చే అంటుకాగితాలతో లోపలి నుంచి ముందే మూసి, వాటి అంచులను గోటితో గట్టిగా అదమండి. బాడీ బయటి వైపు సన్నని రక్షణ పొర ఒకటి ఉంటుంది. అది రంగులన్నీ ఆరాకే తీయాలి, స్టిక్కర్లు ఆ తరువాత బయట అంటించాలి. అంటించే చోట ఒక చుక్క సబ్బునీళ్లు రాస్తే స్టిక్కరును అటూ ఇటూ జరుపుకోవచ్చు.

స్ప్రేను జానెడు కంటే కాస్త ఎక్కువ దూరం నుంచి, చేయి ఆపకుండా, పలచని పూతలుగా కొట్టాలి. మొదటి పూత చూస్తే అసలు రంగే పడలేదనిపించేంత పలచగా ఉండాలి. వాన కురిసి ఉక్కపోసే రోజు ఈ పని పెట్టుకోవద్దు, గాలిలో తేమకు రంగు మసకబారుతుంది. డాబాపై పొద్దుటి పూట, ఎండ ముదరకముందు అనువైన సమయం. బాడీని నిలబెట్టే కంబాలకు రంధ్రాలు ఎక్కడ రావాలో రంగు వేయకముందే, గాజులా ఉన్నప్పుడే చాసిస్‌పై పెట్టి మార్కరుతో గుర్తు పెట్టుకోండి. కాల్చిన ఊచతో రంధ్రం చేసే అలవాటు మనలో ఉంది. అంచు కరిగి గడ్డకట్టి, అక్కడి నుంచే చీలిక మొదలవుతుంది. శంఖంలా సన్నబడే చేతి రీమరుతో నెమ్మదిగా తిప్పి చేయించండి. అమ్మాయి వయసు రాయలేదు, కానీ కత్తితో గీసి అంచులు విరిచే పని మాత్రం మీరు పక్కనుండి చేయించడం మంచిది.

ప్రశ్న: బాల్ బేరింగులు వేరుగా కొనడం దండగేనా? గేర్లకు కొబ్బరినూనె వేయవచ్చా?
— ఇద్దరు అన్నదమ్ములు, మంగళగిరి

జవాబు: దండగ కాదు, కిట్టుకు పెట్టదగిన మొదటి అదనపు ఖర్చు అదే. చవక కిట్లలో ఇరుసులు తిరిగేచోట ప్లాస్టిక్ బుష్షులు ఇస్తారు. మన గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి దుమ్ము వాటిలో దూరితే ఉప్పుకాగితంలా పనిచేసి ఇరుసును, బుష్షును రెంటినీ అరగదీస్తుంది. టామియా కార్లలో ఎక్కువగా వాడేది 11 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం, 5 మిల్లీమీటర్ల రంధ్రం, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న బేరింగు. రెండు పక్కలా మూత ఉన్నవే అడగండి. కారు బిగించేటప్పుడే వేయాలి, తరువాత వేయాలంటే గేరు పెట్టెలు రెండూ విప్పవలసి వస్తుంది.

కొబ్బరినూనె వద్దు. నాలుగు రోజులకే జిగురై దుమ్మును పట్టుకుంటుంది. గేర్లకు కిట్టుతో వచ్చే గ్రీజు పళ్ల మధ్య సన్నగా రాస్తే చాలు, బేరింగులకు ఎప్పుడైనా శబ్దం వస్తే కుట్టుమిషను నూనె ఒక్క చుక్క.

ప్రశ్న: అంతా పుస్తకంలో ఉన్నట్టే బిగించాము. స్విచ్చు వేసి వేగం పెంచితే మోటారు గట్టిగా మూలుగుతుంది, కారు ఉన్నచోటే వణుకుతుంది తప్ప కదలదు. స్టీరింగు కూడా ఎప్పుడూ ఎడమకే లాగుతోంది. మోటారు కాలిపోయిందా?
— బి.టెక్ మిత్రులు, కానూరు, విజయవాడ

జవాబు: మోటారు మంచిదే, ఇంక వేగం పెంచకుండా ఆపేయండి, అలాగే పట్టి చూస్తూ ఉంటే నిజంగానే కాలిపోతుంది. మీ వర్ణనను బట్టి మీది నాలుగు చక్రాలకూ మధ్య ఇరుసు ద్వారా శక్తి వెళ్లే కారు. ఇలాంటివాటిలో ముందు, వెనుక గేరు పెట్టెల్లో ఏటవాలు పళ్ల పెద్ద గేరు (బెవెల్ గేరు) ఉండి, మలుపుల్లో కుడి, ఎడమ చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఒక్కొక్కటి ఉంటుంది. రెంటిలో ఏ ఒక్కదాన్ని కుడి ఎడమలు మార్చి కూర్చోబెట్టినా ముందు చక్రాలు ఒక దిక్కుకు, వెనుక చక్రాలు మరో దిక్కుకు తిరగాలని చూస్తాయి. కారు తనను తానే లాగి పట్టుకుంటుంది.

నిర్ధారణ సులువు. బ్యాటరీ తీసి, కారును ఏదైనా పెట్టెపై చక్రాలు గాల్లో ఉండేలా పెట్టి, వెనుక చక్రాలు రెంటినీ కలిపి ముందుకు తిప్పండి. ముందు చక్రాలు వెనక్కి తిరిగితే తప్పు అక్కడే ఉంది. ఏ డిఫరెన్షియల్ తప్పిందో పుస్తకంలోని బొమ్మతో పోల్చి, పెద్ద గేరు కుడివైపు ఉండాలా ఎడమవైపు ఉండాలా అన్నది చూసి, ఆ ఒక్క గేరు పెట్టెనే విప్పండి. విప్పిన స్క్రూలు మళ్లీ బిగించేటప్పుడు పైన అరండల్‌పేట విద్యార్థికి చెప్పిన వెనక్కి తిప్పే పద్ధతి పాటించండి. నాలుగు చక్రాలూ ఒకే దిశలో తిరుగుతూ, కారు మాత్రం రిమోట్‌కు ఎదురు దిశలో వెళితే అది వేరే సంగతి. మోటారు తీగలు రెండూ ఒకదానికొకటి మార్చితే సరిపోతుంది.

స్టీరింగు ఎడమకు లాగడానికి కారణం సర్వోను మధ్యకు తేకుండా బిళ్ల బిగించడం. సర్వో కొసకు ఉన్న బిళ్లను విప్పేయండి. ముందు రిమోట్, తరువాత కారు స్విచ్చులు వేయండి. ఆపేటప్పుడు ముందు కారు, తరువాత రిమోట్. రిమోట్‌పై మధ్యస్థానాన్ని కొద్దికొద్దిగా సరిదిద్దే ట్రిమ్ మీటలను సున్నా దగ్గర పెడితే సర్వో తానుగా మధ్యకు వచ్చి నిలుస్తుంది. అలా కరెంటు ఉండగానే, ముందు చక్రాలను నేరుగా పట్టుకొని బిళ్లను పళ్లకు సరిపోయేచోట నొక్కి స్క్రూ బిగించండి. ఒక పన్ను తేడా తప్పదు, ఆ కొద్దిపాటిని ట్రిమ్‌తో సరిచేసుకోవచ్చు. ఇంకా లాగుతుంటే కుడి, ఎడమ చక్రాలను పట్టి ఉంచే కడ్డీల పొడవులు సమానంగా ఉన్నాయో లేదో స్కేలు పెట్టి కొలవండి.

మొదటి పరుగుకు నున్నటి సిమెంటు నేల ఎంచుకొని, సగం వేగంలో ఒక బ్యాటరీ నడిపి, ఆపగానే మోటారుపై వేలు పెట్టి చూడండి. వేలు నిలపలేనంత వేడిగా ఉంటే ఎక్కడో రాపిడి ఉందని, లేదా ఇరుసుపై చిన్న గేరు పెద్ద గేరుకు మరీ ఒత్తుకొని ఉందని అర్థం. మోటారు చల్లారాక ముందుగా ఆ రెండే చూడండి.